బుడే డాక్టరు చెప్పిన నిజం

అడిషనల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ జ్ఞానప్రసూనాంబ గారికి ఓడిపోతానేమోనన్న భయం ఏనాడూ లేదు. ఆవిడ ఎప్పుడూ ఓడిపోలేదని కాదు, చాలాసార్లే ఓడిపోయింది. కాకపోతే ఓడిన ప్రతిసారీ తప్పు జడ్జిగారిదేనని మనస్ఫూర్తిగా నమ్మి, ఇంటికెళ్ళి కడుపునిండా భోంచేసి, మర్నాడు పదింటికల్లా బ్రాడీపేట నుంచి గొడుగేసుకుని మళ్ళీ కోర్టుకి నడిచొచ్చేది. వెనక కాగితాల కట్టలు మోసుకుంటూ గుమాస్తా యలమందయ్య. ఆవిడకి నలభై ఆరేళ్ళు, ఆయనకి అరవై. ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నా ఆవిడ పక్కకి చేరడం ఆయన వల్ల కాలేదు.

ఆవిడ తండ్రి జానకిరామయ్య గారు పెదకాకాని హైస్కూల్లో సంస్కృతం మాస్టారు. ఆడపిల్లకి లా చదువెందుకని చుట్టాలు అడిగితే, ఇంట్లో ఎలాగూ వాదిస్తూనే ఉంది, వినడానికి జీతం పుచ్చుకునేవాళ్ళ ముందు వాదించుకోనివ్వండి, అన్నాడట ఆయన.

పంతొమ్మిది వందల ఎనభై ఏడు నవంబరులో ఆవిడ బల్ల మీదికి ఒక అప్పీలు వచ్చింది. గుంటూరుకి ఇరవై మైళ్ళ దూరంలో వట్టిచెరువుపాలెం అని నల్లరేగడి ఊరు. ఎనభై అయిదు ఫిబ్రవరిలో అక్కడి మిరప కల్లంలోకి రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలికి ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతె వెళ్ళింది. కల్లం ఆసామి కొడుకు కోటిలింగం, ఆమెకన్నా ఆరేళ్ళు పెద్ద, కూలీలకి మంచినీళ్ళు పట్టుకురమ్మని ఆమెని మోటారు షెడ్డుకి పంపాడు. తనూ వెనకే వెళ్ళి తలుపేశాడు. ఆ షెడ్డులో అతను ఆమె మీద అత్యాచారం చేశాడు. ఆమె ఏడ్చుకుంటూ ఇంట్లో కూర్చోకుండా తల్లితో కలిసి ఆ మధ్యాహ్నమే పోలీసు స్టేషనుకి వెళ్ళింది. ఇలాంటి కేసుల్లో అమ్మాయి పేరు అచ్చు వేయకూడదని చట్టం. ఊరంతటికీ తెలిసిన పేరుని కాగితం మీద దాస్తే ఎవరికి మేలో తెలీదు గానీ, ఆ మాత్రం మర్యాదైనా ఆమెకి దక్కాలి కనక ఈ కథలోనూ ఆ పేరు రాదు.

కింది కోర్టులో అసిస్టెంట్ సెషన్స్ జడ్జి గారు కోటిలింగానికి ఏడేళ్ళు వేశారు. నాలుగేళ్ళ కిందట మారిన చట్టం ప్రకారం ఏడేళ్ళకి తగ్గకూడదు. తగ్గించాలంటే జడ్జి తగిన ప్రత్యేక కారణాలు రాయాలి. కోటిలింగం గుంటూరు సెషన్స్ కోర్టుకి అప్పీలు వేసుకున్నాడు, బెయిలు తెచ్చుకున్నాడు, ఊరెళ్ళి మేళతాళాలతో పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం ఊళ్ళో నిలవలేకపోయింది. అతను మోటారు సైకిలు మీద తిరిగే దారుల్లోనే ఆమె కూలికి వెళ్ళాలి. అతను ఎదురుపడి నవ్విన రోజున ఆమె గంప అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది, మళ్ళీ గడప దాటలేదు. చివరికి చీమకుర్తిలో రాయి కొట్టే క్వారీ దగ్గర మేనత్త ఉంటే అక్కడికి పోయి, కూలీలకి అన్నం వండే పాకలో పనికి కుదిరింది. అతను లోపలికి వెళ్తే ఆమె ఇంటికి రావచ్చు. అతను ఊళ్ళో ఉంటే ఆమె రాదు. అప్పీలులో తేలాల్సింది, ఎన్ని ఇంగ్లీషు మాటల్లో చెప్పినా, ఇదొక్కటే.

అవతలి వకీలు శేషాచలం గారు. గుంటూరు బారులో ఆయనంత నెమ్మదిగా మాట్లాడే మనిషి లేడు, ఆయనంత ప్రమాదకరమైన మనిషీ లేడు. గొంతెత్తడు, బల్ల గుద్దడు. చిన్న విషయాలన్నీ ఎదుటివాళ్ళకి ధారాళంగా ఇచ్చేసి పెద్దది మెల్లిగా లాక్కుంటాడు. ముద్దాయిని విడిపించలేకపోతే శిక్ష తగ్గిస్తాడు. ముసలి తల్లినో, నెలలు నిండిన భార్యనో ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, వాళ్ళ వైపు ఒక్కసారి కూడా చెయ్యి చూపకుండా, ఏడేళ్ళని మూడేళ్ళూ మూడేళ్ళని ఏడాదీ చేస్తాడు. జానకిరామయ్య గారికి బాల్య స్నేహితుడు. అందుకని కోర్టు బయట ఆయన ప్రసూనాంబని అమ్మాయ్ అనీ, ఆవిడ ఆయన్ని బాబాయి గారూ అనీ పిలుచుకునేవారు. కోర్టు లోపల మాత్రం ఇద్దరికీ చుట్టరికం గుర్తుండేది కాదు.

అప్పీలు కాగితాల్లో ఆయన పట్టుకున్న కొస గట్టిదే. అమ్మాయి ఒంటి మీద గాయాల్లేవు. కోటిలింగాన్ని మూడోరోజు పట్టుకుని డాక్టరుకి చూపిస్తే అతని మొహం మీద గోటి గాటు ఒక్కటీ లేదు. ఇష్టం లేని ఆడది రక్కదా, గీరదా అన్నది ఆయన వాదన. ఇలాంటి వాదన చెయ్యడానికి మగవాళ్ళకి ఎంత తీరికో అని ప్రసూనాంబకి ఒళ్ళు మండేది. కానీ ఒళ్ళు మండితే జవాబైపోదు కదా.

రెండోది, ఆ ఉదయం కోటిలింగం కల్లానికే వెళ్ళలేదట. లేచేసరికి కళ్ళకలక వచ్చిందట. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు బుడే దగ్గరికి వెళ్ళి మందు వేయించుకుని, మధ్యాహ్నం దాకా ఇంట్లో పడుకున్నాడట. బుడే కోర్టుకొచ్చి ప్రమాణం చేసి అవునని చెప్పాడు. కింది కోర్టులో ప్రాసిక్యూటరు బుడేని రెండు గంటలు నిలదీసి, ఆసామి మొహం చూసి అబద్ధం చెప్తున్నావన్నాడు. జడ్జిగారూ బుడేని నమ్మలేమని తీర్పులో రాశారు. ప్రసూనాంబ కూడా ఆ సాక్ష్యాన్ని నాలుగుసార్లు చదివి, నాలుగుసార్లూ పక్కన అబద్ధం అని ఎర్ర పెన్సిలుతో రాసుకుంది.

వాదనలకి మూడు రోజుల ముందు, ఆదివారం పొద్దున్న, కాఫీ తాగి వరండాలోకి వచ్చేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. సన్నగా, నల్లగా, చీర కొంగు నడుముకి బిగించి. తన పేరు నాంచారమ్మ అంది. ఆ అమ్మాయి తల్లి.

అప్పీలులో సాక్షుల్ని పిలవరనీ, కింది కోర్టులో రాసుకున్న కాగితాల మీదే వాదన జరుగుతుందనీ, ఇంత దూరం రావాల్సిన పనిలేదనీ ప్రసూనాంబ చెప్పింది. నాంచారమ్మ అంతా విని, పిలవరని తెలుసుననీ, పిలవలేదు కాబట్టే తనంతట తను వచ్చాననీ అంది. ఆమెకి ఒకటే కావాలి. కోర్టులో తన కూతురి గురించి ఏం రాసుకున్నారో చదివి వినిపించాలి. పోలీసులు వినిపించలేదు, ప్లీడర్లు వినిపించలేదు, సాక్ష్యం చెప్పిన రోజు తలుపులేసి తల్లిని కూడా బయట నిలబెట్టారు.

ప్రసూనాంబకి ఆదివారాలు మనుషులు రావడం ఇష్టం ఉండదు. అయినా ఈ మాటకి అడ్డు చెప్పడానికి కారణం దొరకలేదు. కుర్చీలో కూర్చోమంటే నాంచారమ్మ కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నేల మీదే చతికిలబడింది.

ముందు అమ్మాయి సాక్ష్యం చదివింది. అతను రెండు చేతులూ ఒక్క చేత్తో పట్టేశాడని, అరిచినా మోటారు మోతలో వినపడలేదని, చివరికి చేతులు విడిపించుకుని అతని మొహం మీద, కళ్ళ మీద అరచేతులు పెట్టి బలంకొద్దీ నెట్టానని, అతను కళ్ళు పట్టుకుని కూలబడితే తలుపు తీసుకుని పరిగెత్తానని ఆమె చెప్పింది. నాంచారమ్మ ఏడవలేదు. ఒక్కో మాటకీ తల ఊపుతూ, తన పిల్ల ఎంత సరిగా చెప్పిందో చూసుకుంటున్నట్టు వింది.

తర్వాత గాయాల సంగతి, గోళ్ళ సంగతి వచ్చింది. నాంచారమ్మ రెండు చేతులూ చాచి చూపించింది. పది వేళ్ళకీ గోళ్ళు కండ దాకా కోసేసి ఉన్నాయి.

"కల్లంలో చేసేదానికి గోళ్ళెక్కడుంటాయమ్మా? గోట్లో కారం దూరితే రాత్రంతా నిద్ర పట్టదు. మొదటి రోజే కోసేసుకుంటాం. ఇది కూడా తెలవని ఆయన ప్లీడరెట్టా అయ్యాడు?"

ప్రసూనాంబ ఆ మాట కాగితం అంచున రాసుకుంది. అది తనకీ తెలియదు.

ఇక బుడే సాక్ష్యం. అది వదిలేద్దామనుకుంది గానీ, అన్నీ చదవమంది నాంచారమ్మ. చదివింది. పొద్దున ఎనిమిదిన్నరకి కోటిలింగం కళ్ళు మూసుకుని పాలేరు చెయ్యి పట్టుకుని వచ్చాడు. కళ్ళకలక అన్నాడు. వస్తూనే తొట్టిలో నీళ్ళు మొహాన కొట్టుకుంటే మంట ఇంకా రేగి కేకలు పెట్టాడు. కళ్ళ చుట్టూ నెయ్యి రాశాను. చెంపలూ మెడా కూడా మంట అంటే అక్కడా రాశాను. మజ్జిగలో తడిపిన గుడ్డ వేశాను. అన్నం వేళకి తగ్గింది. సాయంత్రం కాటా దగ్గరికి వెళ్తూ కనిపించాడు.

చదవడం అయ్యేలోపే నాంచారమ్మ నవ్వడం మొదలుపెట్టింది. సంతోషంతో నవ్వే నవ్వు కాదది, విని తట్టుకోవడం కష్టం.

"కళ్ళకలక్కి నందివర్ధనం పూలు పెడతారమ్మా. నెయ్యి రాసేది కారానికి. చెంపలకి కలకేంది, మెడకి కలకేంది? పొద్దున వచ్చిన కలక మధ్యాన్నానికి పోయిద్దా? అది నా కూతురి చేతులమ్మా."

ప్రసూనాంబ చేతిలో కాగితం అలాగే ఉంది. ప్రతి ఎండాకాలం ఆవకాయకి కారం దంపించే ఇల్లు వాళ్ళది. చిన్నప్పుడు కారం చేతుల్తో కళ్ళు నులుముకుంటే అమ్మ నీళ్ళు తగలనివ్వకుండా నెయ్యి రాసేది. నలభై ఏళ్ళుగా తెలిసిన సంగతి నాలుగుసార్లు కళ్ళముందుకొస్తే నాలుగుసార్లూ అబద్ధం అని రాసుకుంది. అవతలివాళ్ళ సాక్షి కాబట్టి అబద్ధమే చెప్తాడని ముందే తీర్మానించుకుని చదివితే ఇంతే. ఆవిడకి జీవితంలో మొదటిసారి, తప్పు జడ్జిగారిది కాదనిపించింది. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, పట్టలేనంత ఉత్సాహం కూడా వచ్చింది.

లోపలికి కేకేసి నాంచారమ్మకి ఇడ్లీలు పెట్టించింది. తనే కూర్చుని కొసరి వడ్డించింది.

సోమవారం ఈ సంగతి చెప్తే యలమందయ్య సంతోషించలేదు. ఇరవై ఏళ్ళు కాగితాలు మోసినవాడు, సగం ప్లీడరే. కింది జడ్జి బుడేని నమ్మలేదు కాబట్టే శిక్ష వేశాడు. ఇప్పుడు మనమే బుడే నిజం చెప్పాడని ఒప్పుకున్నాక, పెద్ద జడ్జి నెయ్యి సంగతి పట్టించుకోకుండా, సాక్షి నిజాయితీపరుడు కదా, ముద్దాయి ఇంట్లోనే ఉన్నాడు కదా అంటే ఏం చేస్తారమ్మా అన్నాడు. చేతిలో ఉన్నది చేజేతులా ఇచ్చేసినట్టవుతుంది. పైగా జడ్జి త్యాగరాజు గారిది శ్రీకాకుళం జిల్లా. గుంటూరు వచ్చి నాలుగు నెలలే అయింది. కల్లం మొహం చూశారో లేదో.

"చూడకపోతే చూపిద్దాం" అంది ప్రసూనాంబ.

బుధవారం వాదనలు. శేషాచలం గారు అలవాటు ప్రకారం నెమ్మదిగా మొదలుపెట్టారు. ముందు బెంచీ మీద కోటిలింగం భార్య, ఏడో నెల. ఆ పిల్ల మొహం చూస్తే జాలేసేలానే ఉంది. ఆమె చేసిన తప్పేమీ లేదు మరి. వెనక బెంచీ చివర నాంచారమ్మ.

గంటసేపు ఆయన మాట్లాడారు. గాయాలు లేకపోవడం, గోటి గాటు లేకపోవడం చెప్పి, చివరికి బుడే దగ్గరికి వచ్చారు. ఈ సాక్షికి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు, అతను ఆసామికి బాకీ లేడు, అతను వైద్యం చేసిన తీరు ఎంత వివరంగా చెప్పాడో చూడండి, కట్టుకథ చెప్పేవాడు ఇన్ని వివరాలు చెప్పడు, అన్నారు. ప్రసూనాంబ తల వంచుకుని నవ్వు ఆపుకుంది.

ఆవిడ లేచి మొట్టమొదటి మాటే, బుడే విషయంలో సీనియర్ గారు చెప్పినదంతా తనకి సమ్మతమేనంది. బుడే ఒక్క అక్షరం అబద్ధం చెప్పలేదు. కింది కోర్టు అతన్ని నమ్మకపోవడం పొరపాటు. ఈ కోర్టు అతన్ని పూర్తిగా నమ్మాలని రాజ్యం తరఫున ప్రార్థన.

త్యాగరాజు గారు రాస్తున్న కలం ఆపి తలెత్తారు. శేషాచలం గారు పొడుం డబ్బా మూత తీయబోయి ఆగారు. యలమందయ్య కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు ఆవిడ బుడే సాక్ష్యం చదివింది. మెల్లిగా, ఒక్కో వాక్యం దగ్గరా ఆగి. నీళ్ళు తగిలితే రేగిన మంట. నెయ్యి. చెంపలు, మెడ. మజ్జిగ గుడ్డ. మధ్యాహ్నానికి తగ్గిపోవడం. కళ్ళకలక వారం రోజులుంటుంది, ఇంట్లో ఇంకో నలుగురికి అంటుకుంటుంది, చెంపల జోలికి మాత్రం పోదు అంది. తర్వాత అమ్మాయి సాక్ష్యం తీసింది. తాలుకాయలు ఏరుతున్న చేతులు. అరచేతులతో మొహం మీద, కళ్ళ మీద నెట్టడం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి జడ్జిగారికి అందించింది.

"ముద్దాయి ఒంటి మీద గుర్తుల్లేవని సీనియర్ గారు గంటసేపు చెప్పారు. గుర్తులున్నాయి, యువర్ ఆనర్. కళ్ళ మీద, చెంపల మీద, మెడ మీద. వాటికి నెయ్యి రాసింది వారి సాక్షే. కల్లంలో పనిచేసే ఆడవాళ్ళు గోళ్ళు ఉంచుకోరు. వాళ్ళ చేతులకి గోళ్ళతో పనిలేదు."

జడ్జిగారు రెండు కాగితాలూ చదువుకున్నారు. బెంచీ క్లర్కు వైపు వంగి ఏదో అడిగారు. ఆయన తెనాలి మనిషి, అవునన్నట్టు తలాడించాడు. కారం సంగతి అడిగారో ఇంకేమిటో బయటికి వినపడలేదు.

శేషాచలం గారు ఊరికే కూర్చునే మనిషి కాదు. లేచి, ఇది కింది కోర్టులో ఎవరూ అనని కొత్త వాదన అన్నారు. ఆ మాట అంటుండగానే అది నిలవదని ఆయనకే తెలిసినట్టుంది, కాగితం పాతదే కనక. వెంటనే దారి మార్చారు. కల్లం ఉన్న ఊళ్ళో గాలికి కారం లేచి ఎవరి కళ్ళల్లోనైనా పడుతుంది, ఆసామి కొడుకు కళ్ళల్లో పడటంలో వింతేముంది అన్నారు. అది మంచి దెబ్బే. హాల్లో ఒకరిద్దరు జూనియర్లు తలలూపారు.

ప్రసూనాంబ ఈ మాట కోసమే రెండు రోజులుగా ఎదురుచూస్తోంది. గాలికి పడితే పడిందని చెప్పుకోవచ్చు, అందులో సిగ్గుపడాల్సిందేముంది అంది. కారం పడినవాడు కళ్ళకలక అని డాక్టరుకి ఎందుకు చెప్తాడు? కారమని ఒప్పుకుంటే ఆ పొద్దున కల్లంలో ఉన్నానని ఒప్పుకోవాలి. ముద్దాయి వాంగ్మూలం, అప్పీలు కాగితం, సీనియర్ గారి గంట వాదన, అన్నీ నిలబడ్డది అతను ఆ పొద్దున కల్లానికే వెళ్ళలేదన్న ఒక్క మాట మీద. కారం ఉందంటే ఆ మాట లేదు. ఆ మాట ఉందంటే కారం లేదు. రెంటిలో ఏది కావాలో సీనియర్ గారే చెప్పాలంది.

శేషాచలం గారు కూర్చుని, పొడుం పీల్చి, రుమాలుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ లేచారు. ఈసారి గొంతు ఇంకా మెత్తగా ఉంది. ప్రసూనాంబకి ఆ గొంతు తెలుసు. అది శిక్ష తగ్గించే గొంతు.

నేరం రుజువైందనే కోర్టు భావించినా, అన్నారాయన, ఏడేళ్ళు కుర్రవాడి జీవితంలో చిన్న కాలం కాదు. చట్టం తగ్గించడానికి వీలిచ్చింది. మొదటి తప్పు. పెళ్ళయింది. భార్య ఏ స్థితిలో ఉందో కోర్టువారు చూస్తూనే ఉన్నారు. పుట్టబోయే బిడ్డకి తండ్రి మొహం ఏడేళ్ళదాకా తెలియదు. ఇల్లూ ఊరూ వదిలి అంతకాలం గడపడమంటే మాటలు కాదు. ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమె ఇప్పుడా ఊళ్ళో లేదు. ఎక్కడో పనిచేసుకుని బతుకుతోంది. ఇద్దరూ ఎదురుపడే అవకాశమే లేదు. ఊరు ప్రశాంతంగా ఉంది. బెయిలు మీద ఉన్న ఇంతకాలంలో చిన్న గొడవైనా జరగలేదు. దీన్ని ప్రత్యేక కారణంగా తీసుకుని రెండేళ్ళకి కుదించాలి.

మొదటి బెంచీ మీద ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జడ్జిగారు ఆమె వైపు చూశారు, చూసి కిందికి చూశారు. యలమందయ్యకి ఆ చూపు తెలుసు. ఎన్ని కేసులు ఆ చూపుతో పోయాయో ఆయన లెక్క పెట్టడం మానేసి చాలా కాలమైంది.

ప్రసూనాంబ వెంటనే లేవలేదు. వెనక్కి తిరిగి చివరి బెంచీ వైపు చూసింది. నాంచారమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు, ఏం జరుగుతోందో తెలియదు. ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహం చూస్తూ కూర్చుంది. ఈ వాదన ఆమెకి అర్థమవ్వాలనిపించింది ప్రసూనాంబకి. జడ్జిగారి అనుమతి అడిగి తెలుగులో మొదలుపెట్టింది.

"ముద్దాయి భార్యని చూస్తే నాకూ బాధగానే ఉంది. ఆ బాధ తెచ్చిపెట్టింది ఈ కోర్టు కాదు. ఇల్లూ ఊరూ వదిలి బతకడం ఎంత కష్టమో సీనియర్ గారు చక్కగా చెప్పారు. ఆ అమ్మాయికి ఆ శిక్ష ఇతను బెయిలు మీద ఊరికి వచ్చినప్పుడే పడింది, యువర్ ఆనర్. ఏ కోర్టూ వేయలేదు. ఎన్నేళ్ళో ఎవరూ చెప్పలేదు. దాని మీద అప్పీలు ఎక్కడ వేసుకోవాలో నాకు తెలీదు. ఆమె ఊరొదిలి పోయింది కాబట్టి ఇతని శిక్ష తగ్గించమంటున్నారు. ఊళ్ళో ఇద్దరిలో ఒకరే ఉండగలిగితే ఆ ఒక్కరు ఎవరన్నదే ఈ కోర్టు తేల్చాలి."

ఇంకా చాలా చెబుదామనుకుంది. రెండు పేజీలు రాసుకొచ్చింది కూడా. వెనక నుంచి నాంచారమ్మ ముక్కు చీదిన చప్పుడు వినపడి, ఇక చాలనిపించి కూర్చుంది.

త్యాగరాజు గారు తీర్పు రెండు వారాల తర్వాత చెప్తామన్నారు. ఆ రెండు వారాలూ ప్రసూనాంబ వేరే కేసులు వాదించింది, రెండు గెలిచింది, ఒకటి ఓడి జడ్జిగారిని తిట్టుకుంది. యలమందయ్య ఈ అప్పీలు మాటెత్తితే మాత్రం, మనమే గెలుస్తాం, సందేహమా, అనేది. అలా అన్న ప్రతిసారీ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం ఆయన గమనించాడు గానీ, అడగలేదు.

తీర్పు రోజున హాలు నిండింది. త్యాగరాజు గారు ఇరవై నిమిషాలు ఇంగ్లీషులో చదివారు. బుడే సాక్ష్యం నమ్మదగినదన్నారు. ఆ సాక్ష్యమే ముద్దాయిని ఆ ఉదయం కల్లంలో, ఆ అమ్మాయి చేతికందే దూరంలో నిలబెట్టిందన్నారు. బాధితురాలు ఊరు విడిచి వెళ్ళాల్సి రావడం ముద్దాయి శిక్ష తగ్గించడానికి కారణం కాజాలదనీ, ఆ మాట వినిపించడమే తనకి కష్టం కలిగించిందనీ రాశారు. అప్పీలు కొట్టివేత. ఏడేళ్ళూ ఖాయం. బెయిలు రద్దు. కానిస్టేబుళ్ళు ఇద్దరు వచ్చి కోటిలింగాన్ని అటూ ఇటూ నిలబడి తీసుకుపోయారు. అతని భార్య వెంట ఆమె తండ్రి ఉన్నాడు. ఆయనే ఆమెని లేపి మెల్లిగా నడిపించుకెళ్ళాడు. అల్లుడు వెళ్ళిన వైపు ఆయన చూడలేదు.

వరండాలో శేషాచలం గారు ఎదురొచ్చారు. హైకోర్టు ఉందమ్మాయ్, గుర్తుంచుకో అన్నారు. ఉండనివ్వండి బాబాయి గారూ, అక్కడికీ ఈ కాగితాలే వెళ్తాయి, అంది ప్రసూనాంబ. ఆయన కాసేపు నిలబడి, నెయ్యి సంగతి తనకి తట్టలేదేమిటని తనలో తనే అనుకున్నట్టు అని, ఇంకో కేసుకి వెళ్ళిపోయారు.

నాంచారమ్మ వచ్చి, ఏమన్నాడమ్మా అని అడిగింది. ప్రసూనాంబ తెలుగులో చెప్పింది. ఏడేళ్ళు ఏడేళ్ళే. హైకోర్టుకి వెళ్ళినా కాగితం మన పక్షానే ఉంది. నాంచారమ్మకి హైకోర్టు అక్కర్లేదు.

"ఇయ్యాల సాయంత్రం వాడు ఊళ్ళో ఉండడా?"

"ఉండడు."

"రేపు?"

"రేపూ ఉండడు."

నాంచారమ్మ మెట్టు మీద కూలబడి, కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. మూడేళ్ళుగా దాచుకున్న ఏడుపు. పోలీసు స్టేషనులో ఏడవలేదు, కూతురి సాక్ష్యం వింటున్నప్పుడూ ఏడవలేదు. దారిన పోయే వకీళ్ళు తిరిగి చూస్తున్నారు. ప్రసూనాంబ వాళ్ళకేసి గుడ్లురిమి చూసి, గొడుగు పక్కన పడేసి తనూ మెట్టు మీద కూర్చుంది. ఆవిడ కోర్టు మెట్ల మీద కూర్చోవడం యలమందయ్య అంతకుముందు చూడలేదు.

ఏడుపు ఆగాక నాంచారమ్మ మొహం తుడుచుకుని లేచింది. చీమకుర్తికి బస్సెక్కడ ఎక్కాలని యలమందయ్యని అడిగింది. ఒంగోలు బస్సెక్కి అక్కడ మారాలని, సాయంత్రమవుతుందని ఆయన చెప్పాడు. ప్రసూనాంబ అడ్డుపడింది. పొద్దుట్నించీ ఏమీ తినలేదు, ఇంటికి రా, అన్నం తిని వెళ్దువుగాని అంది. నాంచారమ్మ అప్పటికే రెండు మెట్లు దిగింది.

"అన్నం రేపు తింటానమ్మా. మా పిల్లతో, మా ఇంట్లో."